కాలు తీసినా ఆగని వేగం: పాత సెడాన్‌లో క్రూయిజ్ కంట్రోల్ ఎక్కడ తప్పుతుంది?

## క్లుప్తంగా

"కాలు తీసేసినా బండి లాగుతూనే ఉంది" అనే ఫిర్యాదుకు ఒక్క కారణమే ఉండదు. క్రూయిజ్ కంట్రోల్ (పెడల్ మీద కాలు లేకపోయినా సెట్ చేసిన వేగాన్ని నిలిపే ఏర్పాటు) పట్టు వదలకపోవచ్చు. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే పలక) ఇరుక్కుపోయి ఉండొచ్చు. డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి పరుగెత్తి ఉండొచ్చు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కి ఉండొచ్చు. పైకి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, లోపల దేని కథ దానిదే. పాత బండిలో ముందుగా అనుమానించాల్సింది వేగం పెంచే భాగాలను కాదు, వేగాన్ని వదిలించే భాగాలను.

## చిన్న కారు ధరకు పెద్ద సెడాన్

ఒకప్పుడు ఖరీదైన సెడాన్లలోనే కనిపించిన క్రూయిజ్ కంట్రోల్, ఆ కార్లు పాతబడ్డాక సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు ధరకే ఇళ్లకు చేరుతోంది. కొన్నవాళ్లకు ఆ బటన్ల వాడకం కొత్త. ఆ బటన్ల వెనకున్న వైరింగ్, రబ్బరు పైపులు మాత్రం పదిహేనేళ్ల పాతవి. విజయవాడ నుంచి గుంటూరు వెళ్తే దీన్ని వాడుకునే అవకాశం కొద్దిసేపే. వారధి దాటి, మంగళగిరి రద్దీ తప్పించుకుని కాస్త ఊపిరి పీల్చుకునేలోపే కాజ టోల్ ప్లాజా వచ్చేస్తుంది. హైదరాబాద్ రోడ్డు మీద అయితే నందిగామ దాటాక తీరుబడిగా పెట్టుకోవచ్చు.

ఇలా ఎప్పుడో ఒకసారి వాడటంలోనే చిక్కుంది. రోజూ వాడే భాగంలో తేడా వస్తే రోజూ తెలుస్తుంది. నెలకోసారి నొక్కే బటన్ వెనక ఏం తుప్పు పట్టిందో నొక్కిన రోజు దాకా తెలియదు.

## పట్టుకోవడం, వదలడం

క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అమెరికన్ ఇంజనీరు. అయిదో ఏట చూపు పోయిన మనిషి. తన లాయరు కారు నడుపుతూ మాటల్లో పడి వేగం పెంచుతూ తగ్గిస్తూ కుదిపేస్తుంటే, పక్కన కూర్చుని విసిగిపోయి ఈ ఆలోచన చేశారని చెబుతారు. 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో అమర్చింది. చూపు లేని వ్యక్తి రూపొందించిన ఈ పరికరం నేటికీ దాదాపు అదే సూత్రం మీద నడుస్తోంది.

ఆ సూత్రం తేలికే. డ్రైవరు ఒక వేగం దగ్గర 'సెట్' నొక్కుతాడు. క్రూయిజ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఆ అంకెను గుర్తుపెట్టుకుంటుంది. స్పీడ్ సెన్సర్ చెప్పే వేగం అంతకన్నా తగ్గితే థ్రాటిల్‌ను కొంచెం తెరుస్తుంది, పెరిగితే కొంచెం మూస్తుంది. పాత సెడాన్లలో థ్రాటిల్‌ను లాగడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి వాక్యూమ్. ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్, లేదా దానికోసమే పెట్టిన చిన్న పంపు, ఒక డబ్బాలోని డయాఫ్రమ్‌ను, అంటే రబ్బరు పొరను, లాగుతుంది. డయాఫ్రమ్ కేబుల్‌ను, కేబుల్ థ్రాటిల్‌ను లాగుతాయి. రెండోది చిన్న ఎలక్ట్రిక్ మోటారు. ఇందులో మోటారుకూ కేబుల్‌కూ మధ్య అయస్కాంతంతో పనిచేసే క్లచ్ ఉంటుంది.

రెండింటిలోనూ యాక్సిలరేటర్ పెడల్ నుంచి వచ్చే కేబుల్ వేరు, క్రూయిజ్ కేబుల్ వేరు. రెండూ పోయి అదే థ్రాటిల్‌కు తగులుకుంటాయి. అందుకే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసినా థ్రాటిల్ తెరిచే ఉండటం సాధ్యమవుతుంది. దీన్ని లోపం అనలేం, క్రూయిజ్ పనే అది. పట్టుకున్నది వదలనప్పుడే లోపం.

## చప్పుడు లేకుండా చెడేవి

పట్టు వదిలించడానికి తయారీదారులు ఒక్క దారిని నమ్ముకోలేదు. బ్రేకు పెడల్ దగ్గర సాధారణంగా రెండు ఏర్పాట్లుంటాయి. ఒకటి వెనక స్టాప్ లైటు వెలిగించే స్విచ్. దాని సంకేతం అందగానే మాడ్యూల్ క్రూయిజ్‌ను రద్దు చేస్తుంది. రెండోది మాడ్యూల్‌తో పనిలేకుండా నేరుగా పట్టు విడిపించేది. వాక్యూమ్ వ్యవస్థల్లో చాలావాటికి పెడల్ దగ్గరే ఒక వాల్వు ఉంటుంది. కాలు పడగానే అది తెరుచుకుని డబ్బాలోకి బయటి గాలిని వదిలేస్తుంది. డయాఫ్రమ్ సడలిపోతుంది. మోటారు రకాల్లో ఇంకో స్విచ్ అయస్కాంత క్లచ్‌కు కరెంటు కోస్తుంది. మాన్యువల్ గేరు బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర కూడా ఒక స్విచ్ ఉంటుంది. ఇవన్నీ పోయినా, థ్రాటిల్‌ను మూసే స్ప్రింగు ఉండనే ఉంది.

కాగితం మీద ఇది గట్టి ఏర్పాటే. లాగే భాగం చెడితే బటన్ నొక్కిన రోజే బయటపడుతుంది. వాక్యూమ్ పైపు పగిలితే క్రూయిజ్ పట్టుకోదు, 'సెట్' నొక్కినా పలకదు. యజమానికి విసుగు తప్ప ప్రమాదం లేదు. వదిలే భాగం చెడినప్పుడు అలా కాదు. రెండు దారుల్లో ఒకటి మూసుకుపోయినా రెండోది పని కానిచ్చేస్తుంది కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. బండి మామూలుగానే తిరుగుతుంది. ఏళ్ల తర్వాత రెండో దారీ మూసుకుపోయిన రోజున "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అంటారు. నిన్నటిదాకా సగమే బాగుంది.

పెడల్ దగ్గరి స్విచ్ వాడకంలో అరిగిపోతుంది, బిగింపు జారుతుంది. కాలు కొద్దిగా ఆనిస్తే పలకాల్సింది, సగం తొక్కితే గానీ పలకదు. వాల్వు మూతికి మట్టి, పాదాల దుమ్ము పేరుకుంటాయి. థ్రాటిల్ స్ప్రింగు సాగుతుంది. క్రూయిజ్ కేబుల్ తొడుగులోకి నీరు చేరి తుప్పు పడితే పైన ఉన్న వ్యవస్థ అంతా వదిలేసినా కేబుల్ మాత్రం వెనక్కి జారదు.

స్టాప్ లైట్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. కొన్ని పాత మోడళ్లలో క్రూయిజ్ మాడ్యూల్, స్టాప్ లైటు బల్బుల ఫిలమెంట్ ద్వారా వచ్చే ఎర్త్‌ను చూసి, బ్రేకు స్విచ్ సర్క్యూట్ సరిగా ఉందని నిర్ధారించుకుంటుంది. యాక్సెసరీ షాపులో వెలుగు బాగుంటుందని మామూలు బల్బులు తీసి ఎల్‌ఈడీలు వేయిస్తే ఆ ఎర్త్ సరిగా అందదు, క్రూయిజ్ పనిచేయడం మానేస్తుంది. అది మానేయడం మంచిదే, రక్షణ కోసమే అలా పెట్టారు. కానీ "క్రూయిజ్ రావట్లేదు, చూడు బాబూ" అంటే, అనుభవం లేని ఎలక్ట్రీషియన్ ఆ ఎర్త్ అందాల్సిన వైరును తిన్నగా బాడీకి ఎర్త్ చేసేస్తే? క్రూయిజ్ వస్తుంది. బ్రేకు సంకేతం అందాల్సిన దారే పోతుంది. పాత బండి వైరింగ్‌లో అతుకులు కనిపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఈ వదిలించే భాగాలే పెద్ద రీకాల్‌లకు కారణమైన సందర్భాలు అమెరికాలో ఉన్నాయి. ఫోర్డ్ కార్లలో బ్రేకు తొక్కినప్పుడు క్రూయిజ్‌ను తెంచడానికి పెట్టిన ఒక స్విచ్ లోపలికి బ్రేకు ఆయిల్ కారి, ఆపి ఉంచిన కార్లకు కూడా నిప్పంటుకుంది. 1999 నుంచి 2009 వరకు విడతలవారీగా కోటికి పైగా వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2012లో అదే సంస్థ తన ఎస్కేప్ మోడల్‌లో క్రూయిజ్ కేబుల్ ఇంజిన్ పైమూతకు తగిలి థ్రాటిల్ ఇరుక్కుపోతోందని మరో రీకాల్ ప్రకటించింది. ఈ రెండో కేసులో క్రూయిజ్ ఆన్‌లో ఉండాల్సిన పనే లేదు. వాడినా వాడకపోయినా కేబుల్ అక్కడే ఉంటుంది కదా.

## క్రూయిజ్ తప్పు చేయకపోయినా

'లాగేసింది' అన్న ప్రతిసారీ యంత్రం తప్పు ఉండదు. 'రెజ్యూమ్' బటన్‌నే తీసుకుందాం. గంటకు 90 కిలోమీటర్ల దగ్గర సెట్ చేసిన బండిని టోల్ ప్లాజా ముందు బ్రేకు వేసి నెమ్మది చేస్తారు. క్రూయిజ్ ఆగుతుంది, 90 అనే అంకె మాత్రం మాడ్యూల్‌లో అలాగే ఉంటుంది. గేటు దాటాక 45లో ఉండగా పొరపాటున వేలు రెజ్యూమ్ మీద పడితే బండి ఆ 90ని అందుకోవడానికి ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ముందు లారీ ఉంటే గుండె ఝల్లుమంటుంది. యంత్రం మాత్రం చెప్పిన పనే చేసింది.

ఆటోమేటిక్ గేరు బండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం నాలుగైదు కిలోమీటర్లు తగ్గుతుంది. దాన్ని పూడ్చుకోవడానికి గేరు ఒక మెట్టు దిగుతుంది, ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. కృష్ణా డెల్టా చదును రోడ్లకు అలవాటైన చెవికి అది బండి అదుపు తప్పినట్టే వినిపిస్తుంది. వానలో ఇంకో రకం. నీరు నిలిచిన చోట చక్రం పట్టు తప్పి తిరిగితే, క్రూయిజ్ లెక్కకూ చక్రాల అసలు పట్టుకూ పొంతన ఉండదు. తడి రోడ్డు మీద క్రూయిజ్ వాడొద్దని యజమానుల పుస్తకాల్లో రాసేది అందుకే. ఆ పుస్తకం సెకండ్ హ్యాండ్ బండితో పాటు వచ్చేది తక్కువ.

ఒక గీటురాయి ఉంది. మామూలు క్రూయిజ్ కంట్రోల్ గంటకు సుమారు 40 కిలోమీటర్ల లోపు పట్టుకోదు. కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, ఇంటి గేటు ముందో నిలిచిన బండి హఠాత్తుగా దూకితే క్రూయిజ్‌ను నిందించడానికి ఆధారం చాలా తక్కువ. హైవే మీద, సెట్ చేసి ఉన్నప్పుడు, బ్రేకు తొక్కాక కూడా లాగితే ముందు అనుమానించాల్సింది దాన్నే.

## మ్యాట్, కార్బన్, ఏసీ

మిగతా కారణాల్లో అన్నిటికన్నా చవకది కాలి కింద మ్యాట్. కంపెనీ మ్యాట్ మీద బజారు మ్యాట్ ఇంకోటి పరిస్తే అది జరిగి యాక్సిలరేటర్ పెడల్‌ను తొక్కిపెడుతుంది. థ్రాటిల్ బాడీలో కార్బన్ జిగురులా పేరుకుంటే పలక మూసుకోవడం ఆలస్యమవుతుంది. కేబుల్ పోగులు తెగి తొడుగులో ఇరుక్కుంటాయి. ఇంజిన్ మౌంటింగ్ తెగితే ఇంజిన్ ఒరిగి కేబుల్‌ను లాగుతుంది. ఇవన్నీ షెడ్డులో పది నిమిషాల్లో కంటికి కనిపించేవే.

బెజవాడ ఎండల్లో ఏసీ ఆపేవాళ్లుండరు. కంప్రెసర్ ఆన్ అయినప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా ఐడిల్ వాల్వు (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని చూసుకునేది) కొంచెం రైజ్ చేస్తుంది. వాల్వులో మురికి చేరితే ఆ రైజ్ మోతాదు మించుతుంది. ఆటోమేటిక్ బండి సిగ్నల్ దగ్గర బ్రేకును నెట్టుకుంటూ ముందుకు పాకుతుంది. అయితే దీనివల్ల వచ్చేది కొంత తోపుడే, విమానంలా దూసుకుపోవడం కాదు. ఎంత బలంగా లాగింది, ఎంతసేపు లాగింది అని మెకానిక్ గుచ్చిగుచ్చి అడిగేది ఈ తేడా పట్టుకోవడానికే.

డీజిల్ సెడాన్‌లో మరో రకం ఉంది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో సీలు అరిగి ఇంజిన్ ఆయిల్ గాలి పైపులోకి కారితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకుని విపరీతంగా రైజ్ అవుతుంది. తాళం తిప్పి డీజిల్ ఆపినా ఆగదు, అది తాగుతున్నది డీజిల్ కాదు కనుక. తెల్లటి, నీలిరంగు పొగ కమ్ముకుంటుంది. మాన్యువల్ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి క్లచ్ వదిలి ఇంజిన్‌ను కొట్టి ఆపడం ఒక దారి. బానెట్ ఎత్తి చేతులు పెట్టడం మహా ప్రమాదం.

## కేబుల్ పోయి కరెంటు వచ్చాక

గత ఇరవై ఏళ్లలో కేబుల్ క్రమంగా కనుమరుగైంది. పెడల్ దగ్గరి సెన్సర్లు ఎంత తొక్కారో కంప్యూటరుకు చెబుతాయి, థ్రాటిల్‌ను మోటారు తిప్పుతుంది. క్రూయిజ్‌కు ప్రత్యేకంగా డబ్బా, కేబుల్ అక్కర్లేదు, అంతా సాఫ్ట్‌వేరే. పెడల్ సెన్సర్లు రెండుంటాయి. రెండూ చెప్పే లెక్క కలవకపోతే కంప్యూటరు శక్తి తగ్గించి బండిని మెల్లగా నడిపిస్తుంది.

దీని మీద ప్రపంచమంతా చర్చ రేగింది టయోటా వ్యవహారంలో. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ అదుపు తప్పి నలుగురు చనిపోయారు. డీలరు తాత్కాలికంగా ఇచ్చిన ఆ కారులో వేరే మోడల్ మ్యాట్ ఉందని, అది పెడల్‌ను పట్టేసిందని దర్యాప్తులో తేలింది. తర్వాత మ్యాట్ల మీద, పైకి లేవడానికి మొరాయించే పెడళ్ల మీద లక్షల కార్లను రీకాల్ చేశారు. అసలు తప్పు ఎలక్ట్రానిక్స్‌లో ఉందన్న అనుమానం తీరక అమెరికా రవాణా శాఖ అంతరిక్ష సంస్థ నాసా ఇంజనీర్లను రప్పించింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక, థ్రాటిల్ పెద్దగా తెరుచుకునేంత ఎలక్ట్రానిక్ లోపానికి ఆధారం దొరకలేదని చెప్పింది. అయితే అదే పరిశీలనలో ఒక పెడల్ సెన్సర్ లోపల తగరం నుంచి వెంట్రుకల్లా మొలిచిన సన్నని పోగులు కనిపించాయి. అవి సర్క్యూట్లను కలిపేయగలవు. 2013లో ఒక్లహామా జ్యూరీ ఒక కామ్రీ ప్రమాదంలో సాఫ్ట్‌వేర్ లోపం వాదన విని కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. భద్రతా సమస్యల గురించి వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది. అంటే నాసా మాట ఒకటి, జ్యూరీ మాట ఒకటి. ఇద్దరిలో ఎవరిది పూర్తి నిజమో చెప్పడం కష్టమే కానీ, మ్యాట్ల విషయంలో మాత్రం వివాదం లేదు.

విజయవాడ కొనుగోలుదారుకు ఇందులో దగ్గరి విషయం తేమ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు సింగ్ నగర్ వైపు కాలనీల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. పెడల్ సెన్సర్లు, బ్రేకు స్విచ్ ఉండేది కాళ్ల దగ్గరే. కార్పెట్ ఉతికి, సీట్లు ఎండబెట్టి అమ్మితే పైకి ఏమీ కనిపించదు. కనెక్టరు పిన్నుల మీద పచ్చటి తుప్పు నెలల తర్వాత తన పని మొదలుపెడుతుంది. బండి కొనేముందు డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి ఆ కనెక్టర్లు విప్పి చూడటం, ఇంజిన్ చప్పుడు వినడంకన్నా ముఖ్యం.

## కాలి పొరపాటు

ఈ మాట వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. 1986 నవంబరులో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి ఆడి 5000 సెడాన్ దానంతట అదే దూకుతుందని చూపించింది. అమ్మకాలు కుప్పకూలాయి. 1989లో అమెరికా రహదారి భద్రతా సంస్థ అధ్యయనం పలు కంపెనీల కార్లను పరీక్షించి, ఎక్కువ ఘటనలకు బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కడమే కారణమని తేల్చింది. ఆడిలో ఐడిల్ నియంత్రణ లోపం వల్ల బండి కాస్త దూకడం నిజమే. ఆ కుదుపుకు ఉలిక్కిపడి డ్రైవరు తప్పు పెడల్ తొక్కి ఉండొచ్చన్నది వివరణ. యంత్రం కొంత, మనిషి కొంత. బ్రేకు తొక్కితేనే పార్క్ నుంచి గేరు కదిలే తాళం ఆటోమేటిక్ కార్లలో వ్యాపించింది ఈ గొడవ తర్వాతే.

ముప్ఫై ఏళ్లు క్లచ్ బండి నడిపి రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులకు ఆటోమేటిక్ కొన్నవారి విషయంలో ఇది ఆలోచించాల్సిన సంగతి. ఎడమ కాలికి పని లేకపోవడం వల్ల కంగారులో అది కూడా వచ్చి పెడళ్ల మీద పడుతుంది. తాను తొక్కింది బ్రేకేనని ఆ డ్రైవరు ప్రమాణం చేసి చెబుతాడు, అబద్ధమాడుతున్నాడని కాదు.

## ఆ కొద్ది సెకన్లలో

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అప్పుడు పనికొచ్చే నిజం ఏమిటంటే, బాగున్న బ్రేకులు ఇంజిన్‌కన్నా బలమైనవి. టయోటా వివాదం నాటి రోజుల్లో ఒక అమెరికన్ కార్ల పత్రిక వీ6 కామ్రీని గంటకు 112 కిలోమీటర్ల దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచి బ్రేకు వేసి చూసింది. మామూలుగా ఆగే దూరంకన్నా ఎక్కువ పట్టింది అయిదు మీటర్లే.

షరతు ఒకటుంది. పెట్రోలు బండిలో బ్రేకుకు సాయపడే బూస్టరు కూడా ఇంజిన్ వాక్యూమ్ మీదే ఆధారపడుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటే కొత్త వాక్యూమ్ పుట్టదు. బూస్టరులో మిగిలింది రెండు మూడు తొక్కుళ్లకే సరిపోతుంది. తొక్కి వదిలి, మళ్లీ తొక్కితే ఆ నిల్వ అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది. చాలాసేపు అరకొరగా తొక్కితే ప్యాడ్లు కాలిపోతాయి. అందుకే ఒక్కసారే, గట్టిగా, ఆగేదాకా తొక్కిపట్టాలి. ఒక చేత్తో న్యూట్రల్ చేయాలి. ఇంజిన్ అరుస్తుంది, అరవనివ్వాలి. తాళంతో స్టార్టయ్యే బండిలో ఇంజిన్ ఆపాల్సి వస్తే ఒక్క మెట్టే వెనక్కి తిప్పాలి, పూర్తిగా తిప్పేస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. బటన్ స్టార్ట్ అయితే ఒకసారి నొక్కితే చాలదు, చాలా కార్లలో కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి.

## రీకాల్ వయసు ఏడేళ్లు

మన దేశంలో 2012 నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా రీకాల్‌లు చేస్తున్నాయి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రీకాల్ చేయమని కంపెనీలను ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి, జరిమానా కోటి రూపాయల వరకు ఉంది. కానీ ఈ నిబంధనలు వర్తించేది ఏడేళ్ల లోపు వాహనాలకే. కేబుల్ తుప్పు పట్టి, స్విచ్ అరిగి, స్ప్రింగు సాగే వయసు సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతుంది. పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్తే బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు. స్టాప్ లైటు వెలిగితే ఆ స్విచ్ బాగున్నట్టే లెక్క. పక్కనున్న రెండో స్విచ్, వాల్వు బాగున్నాయో లేదో ఆ వెలుగు చెప్పదు.

కాబట్టి భారం యజమాని మీదా, ఆటోనగర్‌లో అతను నమ్మే మెకానిక్ మీదా పడుతుంది. ఈ పరీక్షకు స్కానర్ కూడా అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద 50 దగ్గర సెట్ చేసి, బ్రేకు పెడల్ మీద బొటనవేలు ఆనించినంత ఒత్తిడికే క్రూయిజ్ వదులుతుందో లేదో చూడాలి. తర్వాత బండి ఆపి, స్టాప్ లైటు స్విచ్ కనెక్టరు ఊడదీసి అదే పరీక్ష మళ్లీ చేయాలి. అప్పుడు మాడ్యూల్ అసలు పట్టుకోనే పట్టుకోకపోతే కాపలా పనిచేస్తున్నట్టు. పట్టుకుని, రెండో దారిలో వదిలినా ఫర్వాలేదు. పట్టుకుని వదలకపోతే మాత్రం వెంటనే న్యూట్రల్ చేసి, క్రూయిజ్ మెయిన్ బటన్ ఆపి, షెడ్డుకు చేరేదాకా ఆ బటన్ జోలికి వెళ్లకూడదు.